వెనక వాటా

గంటస్తంభం దగ్గర అడిగితే
దాసన్నపేటలో ఉందన్నారు.
దాసన్నపేటలో అడిగితే
నిన్ననే ఇచ్చేశామన్నారు.
టూలెట్ బోర్డు మాత్రం ఇంకా గేటుకి వేలాడుతోంది
గాలికి అటు తిరిగి ఇటు తిరిగి
మా మొహాలు చూడలేక.

మూడు వారాలైంది.
మొదట కులం అడుగుతారు, నేరుగా కాదు, ఊరి పేరు మీంచి.
తర్వాత నీచు వండుతారా అని.
రెండూ గట్టెక్కితే అప్పుడు ఫోను తీస్తారు:
"అంతకుమున్ను ఎవులింట్లో ఉండీవోరు?"

అక్కడే మా కథ ఆగిపోతుంది.
ఈ ఊళ్ళో మాట ఆటో కన్నా ముందు చేరుతుంది.
తోటపాలెంలో మా గుమ్మం ముందు
ఫైనాన్సు కుర్రాళ్ళు బండి దిగకుండా హారన్ కొట్టిన సంగతి
కంటోన్మెంటు దాకా తెలుసు.

బాలాజీ నగర్లో ఒకాయన, బ్యాంకులో చేసి రిటైరయినాయన,
మంచినీళ్ళిచ్చాడు, కుర్చీలు వేయించాడు,
మా ఆయన పాన్ కార్డు అడిగాడు.
ఫోనుకొచ్చిన ఓటీపీ మా ఆయన చేతే చదివించుకుని
కళ్ళజోడు పైకి నెట్టి
"ఐదు వందల పదకొండు" అన్నాడు,
థర్మామీటరు వెలుతురుకి పట్టి చూసినట్టు.
"తప్పని కాదమ్మా, కానీ..."
ఆ కానీ పట్టుకునే మెట్లు దిగాం.

ఆ అంకెలో తవిటినాయుడు లేడు.
బళ్ళో పక్క బల్ల, మా పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు,
"ఒక్క సంతకమేరా గురువులూ" అన్నవాడు,
ఇప్పుడు రాయ్‌పూర్‌లోనో మరెక్కడో
ఏ పేరుతోనో ఉన్నవాడు.
కిరాణా సుందర్రావు చిట్టా పుస్తకమూ లేదందులో.
ప్రతి శనివారం మా పేరు మీద అడ్డంగా ఒక గీత.
జాకెట్టుకి తొంభై చొప్పున కుట్టి కుట్టి
నేను గీయించిన గీత.

మా ఆయన దారంతా మాట్లాడడు.
ఎదురొచ్చే ప్రతి ఆటో నెంబరూ చూస్తాడు
తనది దొరుకుతుందేమోనని.
దొరికితే ఏం చేస్తాడో
నేనడగలేదు.

చివరికి పట్టాల పక్క సందులో వరహాలమ్మ గారిల్లు.
వెనక వాటా. ఒకటిన్నర గది.
ఆనుకుంటే సున్నం వీపుకంటుతుంది.
కుళాయి తెల్లారుజామున నాలుగింటికి, ఒక్క గంట.
ఆవిడ ఏ ఊరని అడగలేదు. ఏం వండుతారని అడగలేదు.
"అద్దె రెండేలు. అడ్వానుసు ఒక్క నెల సాలు.
ఈ రోజే ఇవ్వగలవేటి తల్లీ?
ఫోన్లో ఎయ్యొద్దు, సేతికే ఇయ్యి."

ఆ గొంతు నాకెక్కడో తెలుసు.
ఆలోచిస్తే నాదే.

వీధి గోడకి, మీటరు పక్కన,
పోయినేటి క్యాలెండరు తగిలించి ఉంది.
బయటి గోడకి క్యాలెండరు ఎవరు పెడతారు?
గాలికి లేచినప్పుడు కనిపించింది,
కాగితం చింపినా పోని జిగురు, చదరంగా,
మూల మీద నీలం సీలు, సగం చెరిగిన చందమామలా.

ఆ జిగురు సంగతి నన్నడగండి.
గోళ్ళతో గీకాను, కిరసనాయిలు రుద్దాను,
ఆఖరికి పసుపు పూసి బొట్లు పెట్టాను.
వచ్చినవాళ్ళు ఏం పండగని అడిగేవారు.

కొంగుముడి విప్పి నాలుగు ఐదొందల నోట్లు పెట్టాను.
ఆవిడ వేలు తడిచేసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది,
నాలుగే కాగితాల్ని.
ఎన్నాళ్ళుంటారని అడగలేదు.
ఈ ఇల్లు ఇంకెన్నాళ్ళు మీదని నేనూ అడగలేదు.

"కాగితం మీద ఓ సంతకం పెడితే..."
మా ఆయన మొదలెట్టి తనే మింగేశాడు.

అప్పుడే విశాఖ వైపు గూడ్సు పోయింది.
కిటికీ ఊచలు, గూట్లో ఖాళీ సీసా,
ఆవిడ గుప్పిట్లో నోట్లు, అన్నీ కాసేపు వణికాయి.
"అలవాటైపోతాదిలే" అంది వరహాలమ్మ గారు.

రైలు గురించే అనుకుంటాను.